రోజుకు మూడు మంచి విషయాలు

ఆ నవంబరులో పట్టుకున్న ముసురు జనవరి సగం దాకా వదల్లేదు. ఉతికిన దుప్పట్లు హాల్లో, పడకగది తలుపుల మీద, చివరికి మా అమ్మాయి చదువుకునే కుర్చీ మీద కూడా వేలాడుతుండేవి. ఫ్లాట్‌లో ఎటు తిరిగినా ఏదో ఒక తడిగుడ్డ మొహానికి తగిలేది. రోజుకు రెండు దుప్పట్లు తడిపే మనిషి ఇంట్లో ఉంటే ఎండ విలువ బాగా తెలుస్తుంది.

ఆ మనిషి మా మేనత్త సూరమ్మ. ఎనభై రెండేళ్ళు. సెప్టెంబరులో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది కానీ మూడు వారాలకే తిరిగొచ్చింది, మునుపటి పదునుతో సహా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను తెచ్చుకుని పెంచింది ఆవిడే. కాబట్టి ఇప్పుడు ఆవిడ్ని ఎవరు చూసుకోవాలనే ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనైతే అసలు అడగలేదు.

నేను చాంగీ ఎయిర్‌పోర్ట్ దగ్గర విమానాలకు భోజనాలు పంపే ఒక కిచెన్‌లో ట్రేలు సర్దే లైన్‌కు సూపర్‌వైజర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. చల్లటి హాలు, తలకు టోపీ, ముప్ఫై మంది ఆడవాళ్ళ కబుర్లు. ఆ పని నాకిష్టం. అత్త మంచాన పడ్డాక జీతం లేని సెలవు పెట్టాను. జనవరి పదిహేనున తిరిగి చేరాలి, లేకపోతే నా చోటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. మేనేజరు మంచిదే. ఆవిడ చేతిలో ఉన్నంత వరకు ఆపింది.

పనిమనుషుల్ని పెట్టకపోలేదు. ఇండోనేషియా అమ్మాయి పన్నెండు రోజులుంది. అత్త తిట్లు ఆ పిల్లకు ఎక్కడర్థమవుతాయిలే అని ధీమాగా ఉన్నాను, అత్తకు మలయ్ వచ్చని, అది ఆ పిల్లకు అర్థమవుతుందని మర్చిపోయాను. రెండో అమ్మాయి బర్మా నుంచి వచ్చింది. ఆమెకు భాషతో పని పడలేదు, అత్త గొంతే సరిపోయింది. అయిదో రోజున ఏజెన్సీకి ఫోన్ చేసుకుంది. నా భర్త రాజేష్‌ది ఊరికి ఆ చివరున్న జురాంగ్‌లో షిఫ్టుల ఉద్యోగం. మనిషి ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతున్నాడని అర్థం. మా అమ్మాయి ధనశ్రీ పాలిటెక్నిక్‌లో రెండో ఏడు. పిలిస్తే సాయం వస్తుంది. పిలవడానికి కూడా ఓపిక కావాలి కదా.

ఇక మిగిలింది మాకు రెండు బ్లాకుల అవతల ఉన్న డే కేర్. పొద్దున వ్యాన్ వచ్చి పెద్దవాళ్ళను తీసుకెళ్తుంది, సాయంత్రం దింపుతుంది. వారానికి మూడు రోజులు అత్తను అక్కడ ఉంచుకుంటే చాలు, మిగతాది రాజేష్ సెలవు రోజులతో ఎలాగోలా నెట్టుకొస్తాను. జనవరిలో ఒక్క చోటు ఖాళీ అవుతుందన్నారు. అడిగిన కుటుంబాలు చాలా ఉన్నాయి. చూసుకునేవాళ్ళలో ఎవరి పరిస్థితి ఎక్కువ కష్టంగా ఉందో చూసి ఇస్తామన్నారు. ఈలోగా మా అందరికీ గురువారం గురువారం ఒక క్లాసు. ఎనిమిది క్లాసులు. విషయం కృతజ్ఞత.

నవ్వొచ్చింది నాకు. నిద్ర లేనివాళ్ళందరినీ ఒక చోట కూర్చోబెట్టి కృతజ్ఞత నేర్పుతారట.

క్లాసు చెప్పేది ఆ డే కేర్‌లో పనిచేసే అమ్మాయి, పేరు భువన. ముప్ఫై దాటి ఉంటాయి. గుంటూరు నుంచి వచ్చి ఆరేళ్ళయిందట, భర్తది చాంగీ బిజినెస్ పార్క్‌లో ఏదో బ్యాంకు కంప్యూటర్ల పని. తను సైకాలజీ చదివింది. రిజిస్టర్‌లో నా పేరు చూసి లేచి వచ్చింది.

“ఆంటీ, మీరు తెలుగువాళ్ళా? ఇక్కడే పుట్టారా? అయ్యో, ఎంత బాగా మాట్లాడుతున్నారో!”

మా తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఈ దేశం వచ్చిన కుటుంబం అని చెప్పాను. అంతే, ఆ అమ్మాయికి నేను బంధువునైపోయాను. అక్కడే తప్పు మొదలైందని ఇప్పుడనిపిస్తుంది. తెలియనివాళ్ళ ముందు ఏడవడం కొంత సులువు. బంధువుల ముందు ఎలా ఏడుస్తాం?

అందరికీ తలా ఒక నోటుపుస్తకం ఇచ్చింది. రోజూ మూడు మంచి విషయాలు రాయాలి. చిన్నవైనా సరే. అవి ఎందుకు జరిగాయో ఒక ముక్క రాయాలి. “మనసు చెడ్డదాన్ని గట్టిగా పట్టుకుంటుంది ఆంటీ, మంచిదాన్ని జారవిడిచేస్తుంది. ఇలా రాసేవాళ్ళకి నిద్ర బాగా పడుతుందని, దిగులు తగ్గుతుందని చాలా పరిశోధనలున్నాయి. ఏ భాషలో రాసినా పర్లేదు.”

నా పక్క కుర్చీలో హమీద్ గారని ఒక పెద్దాయన. టాక్సీ నడిపి రిటైరయ్యారు. ఆయన భార్యకు మతిమరుపు జబ్బు. ఆయన పుస్తకం తెరిచి, మూసి, జేబులో పెట్టుకుని, “మంచి విషయాలు కనబడితే తప్పకుండా రాస్తాను” అన్నారు ఇంగ్లీషులో. ఎవరూ నవ్వలేదు.

నేను తెలుగులో రాద్దామనుకున్నాను. ఇంట్లో రాజేష్‌కు తెలుగు చదవడం రాదు, ధనశ్రీకి అసలే రాదు. నాకు అక్షరాలు నేర్పింది అత్తే కానీ, ఆవిడ కళ్ళజోడు ఆస్పత్రిలో పోయింది. కొత్తది ఇంకా చేయించలేదు. కాబట్టి భయం లేదు.

మొదటి రోజు ఏం రాయాలో తెలియలేదు. ఆ పొద్దున ఇడ్లీ మెత్తగా నలిపి, పప్పుచారులో తడిపి, చెంచాతో నోటి దగ్గర పెట్టాను. అత్త మొహం అటు తిప్పుకుంది.

“ఏటే ఇది? పిండి పులవనేదు.”

“పులిసింది అత్తా. ఒక్క ముద్ద తిను. మాత్ర వెయ్యాలి.”

“నాకు తెలదా పులిసిందో నేదో? ముప్పై ఏళ్ళు ఆస్పత్రి వంటింట్లో పనిసేసిన దాన్ని. నెత్తికి కొట్టుకోయే నీ ఇడ్లీ.”

నేను కొట్టుకోలేదు. ఆవిడే కుడిచేత్తో గిన్నె లాగి విసిరింది. గోడ మీది పప్పుచారు తుడిచి, గిన్నె కడిగి, మళ్ళీ ఇడ్లీ నలిపాను. ఆవిడ మళ్ళీ తినలేదు. ఆ మధ్యాహ్నం పుస్తకం తీసి ఇలా రాశాను. ‘ఒకటి, అత్త నేను చేసిన ఇడ్లీ ఇష్టంగా తింది. రెండు, వాన కాసేపు తగ్గింది. మూడు, అత్త నన్ను దీవించింది.’ వాన సంగతి నిజమే.

ఎందుకలా రాశానంటే ఏం చెప్పను. ఆ పుస్తకం ఒక పరాయి అమ్మాయి చదువుతుంది. అందులోనూ తెలుగమ్మాయి. పెంచిన మనిషి గురించి, అదీ మంచాన పడ్డాక, చెడుగా రాస్తే నా చెయ్యి పడిపోదూ? అంతకంటే ముఖ్యంగా, రాస్తే అది నిజమైపోతుందని భయం. అందుకని రోజుకు మూడు అబద్ధాలు. నెల తిరిగేసరికి నాకు బాగా చేయి తిరిగింది. అత్త ధనశ్రీని దగ్గరికి పిలిచి తల నిమిరిందని రాశాను. అత్త, నేను కలిసి పాత పాటలు పాడుకున్నామని రాశాను. మా ఇంట్లో ఎవరికీ పాట రాదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అబద్ధాల కోసం వెతుకుతుంటే అప్పుడప్పుడు నిజాలు కూడా చేతికి తగిలేవి. ఒక రోజు అత్త నన్ను “దొంగమొకందానా” అని తిట్టింది. పక్షవాతం తర్వాత ఆ మాట అంత స్పష్టంగా రావడం అదే మొదటిసారి. అప్పటిదాకా ‘మొకం’ దగ్గర నాలుక మడతపడేది. నేను స్టవ్ కట్టేసి వంటింట్లోంచి బయటికి వచ్చి, “మళ్ళీ అను అత్తా” అన్నాను. మళ్ళీ అంది. ఆ పూటంతా ఒళ్ళు తేలిగ్గా ఉంది. భువన చెప్పేదాంట్లో ఏదో ఉంది మరి. కానీ తిట్టు తిన్నందుకు సంతోషించానని రాస్తే ఏం బాగుంటుంది? ఆ రోజు పేజీలో మూడు మామూలు అబద్ధాలే రాసి ఊరుకున్నాను.

క్లాసులో మేం రాసినవి పైకి చదవాలి. నేను నా తెలుగును ఇంగ్లీషులోకి మార్చి చెప్పేదాన్ని. భువన కళ్ళు చెమర్చేవి. “చూశారా, ఆంటీ ఎలా చూస్తున్నారో! కష్టంలో కూడా ఎంత అందం వెతుక్కుంటున్నారో!” హమీద్ గారి వంతు వచ్చేసరికి ఆయన మూడోవారం ఖాళీ పేజీ చూపించారు. “ఈ వారం నేను దేనికీ కృతజ్ఞుణ్ణి కాను. నా భార్య నన్ను దొంగ అనుకుని పోలీసుల్ని పిలిచింది. నేను బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. రాయమంటే అది రాస్తాను.” నాకు ఆయన్ని చూస్తే సిగ్గేసింది. పెద్దమనిషి, అందరిలో అలా చెప్పుకోవడమేమిటి అనుకున్నాను. అదే నా తెలివి.

డిసెంబరు రెండోవారంలో భువన ఇంటికి వచ్చింది. చోటు ఎవరికివ్వాలో తేల్చడానికి ఇరవై ప్రశ్నల కాగితం నింపాలి. ముందురోజు ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసిన క్షణం నుంచి నాకు కాలు నిలవలేదు. ఇంటికి మనిషి వస్తోంది! ఆరేసిన దుప్పట్లన్నీ తీసి మూటకట్టి బాత్‌రూమ్‌లో పడేశాను. నేల రెండుసార్లు తుడిచాను. అగరొత్తులు వెలిగించాను. అత్తకు తల దువ్వి, ఉతికిన చీర కట్టి, బొట్టు పెట్టి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాను. నేనూ మంచి చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకున్నాను. జంతికలు చేశాను.

ధనశ్రీ కాలేజీకి వెళ్తూ గుమ్మంలో ఆగి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అడ్డుపడింది. “అమ్మా, వై యు క్లీన్ అప్ ఎవ్రీథింగ్? లెట్ హర్ సీ లా. దట్స్ ద హోల్ పాయింట్, వాట్.”

“ఇంటికొచ్చేవాళ్ళకి ఉచ్చ దుప్పట్లు చూపిస్తారటే? నోరుముయ్” అన్నాను.

భువన వచ్చి జంతికలు తింది, కాఫీ తాగింది. “మా అమ్మ చేసినట్టే ఉన్నాయి ఆంటీ” అంది. కాగితం తీసింది. అత్త పక్కనే కూర్చుని కిటికీలోంచి వాన చూస్తోంది.

“ఈవిడ్ని చూసుకోవడం వల్ల మీకంటూ సమయం లేకుండా పోయిందనిపిస్తుందా? అస్సలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, నిత్యం. ఏది?”

“అయ్యో, అదేం లేదమ్మా.”

“అస్సలు లేదు,” అని టిక్కు పెట్టింది. “ఈవిడ దగ్గరున్నప్పుడు మీకు కోపం వస్తుందా?”

“పెంచిన మనిషమ్మా. కోపమెందుకు?”

“మీ ఆరోగ్యం దెబ్బతింటోందనిపిస్తుందా?”

నా నడుము అప్పటికి పదిరోజులుగా వంగనివ్వడం లేదు. “దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం” అన్నాను.

ఇరవై ప్రశ్నలూ పది నిమిషాల్లో అయిపోయాయి. ఇంకో నాలుగు జంతికలు కాగితంలో చుట్టి ఇచ్చి పంపాను. తలుపు వేశాక అత్త వాన మీంచి కళ్ళు తిప్పకుండానే, “పౌడరెక్కువయ్యిందే నీ మొకానికి” అంది.

తరువాతి గురువారం కాదు, ఆ పైవారం భువన నన్ను పక్కకు పిలిచింది. మొహం వెలిగిపోతోంది.

“ఆంటీ, మీ స్కోరు చూశారా? క్లాసు మొత్తంలో అందరికంటే మీరే బాగా ఉన్నారు. ఇంత మార్పు నేనెక్కడా చూళ్ళేదు. ఆఖరి క్లాసులో మీ పుస్తకంలోంచి కొన్ని పేజీలు చదవాలి మీరు. మా పైవాళ్ళు కూడా వస్తారు.”

“మరి చోటు?”

ఆమె మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. “అది హమీద్ గారికిచ్చాం ఆంటీ. ఆయన పరిస్థితి మీకు తెలుసు కదా. మీరైతే నిభాయించుకుంటున్నారు. తర్వాతి చోటు మే, జూన్ అలా ఖాళీ అవ్వచ్చు.”

“మంచిదమ్మా. పాపం, ఆయనకే కావాలి” అన్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు. బయట వానలో గొడుగు వెయ్యడం మర్చిపోయి మా బ్లాకు లిఫ్ట్ దాకా నడిచాను. హమీద్ గారి మీద కోపం రాలేదు. భువన మీదా రాలేదు. ఇరవై ప్రశ్నలు, ఇరవై అబద్ధాలు. నా చోటు నేనే నవ్వుతూ చేజార్చుకున్నాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం జంతికలు పెట్టి పంపించేశాను.

ఆ సోమవారం మధ్యాహ్నం పుస్తకం తీశాను. ఒళ్ళు హూనమై ఉంది, అబద్ధం వెతుక్కునే ఓపిక కూడా లేదు. ఉన్నది రాశాను.

‘ఒకటి, అత్త ఇవాళ రెండున్నర గంటలు నిద్రపోయింది. రెండు, ఆ రెండున్నర గంటలూ నేను కుర్చీలో కూర్చుని గోడ వైపు చూశాను. ఎవరూ పిలవలేదు. మూడు, ఆవిడ ఇక లేవకపోతే బాగుండునని అనుకున్నాను.’

కింద ఇంకో వాక్యం రాశాను. ‘ఇది మంచి విషయం కాదు.’ పుస్తకం మూసి ఫ్రిజ్ మీద పెట్టాను. కొట్టేద్దామని రెండుసార్లు లేచాను కానీ కొట్టేయలేదు.

క్రిస్మస్ మర్నాడు ధనశ్రీ వెళ్ళి అత్త కొత్త కళ్ళజోడు తెచ్చింది. ఆ మరుసటి రోజు నేను కిందికి వెళ్ళి అరటిపళ్ళు, అత్తకు డైపర్లు కొనుక్కుని వచ్చేసరికి అత్త ఒళ్ళో నా పుస్తకం ఉంది. చదువుకోవడానికి ఏదైనా ఇమ్మందట. ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం అదొక్కటే అనుకుని ధనశ్రీ ఇచ్చి తన గదిలోకి వెళ్ళిపోయింది.

“అత్త నేను సేసిన ఇడ్లీ ఇష్టంగా తింది,” అని అత్త పైకి చదివింది. జోడు మీంచి నా వైపు చూసింది. “ఎప్పుడు తిన్నానే? గోడ తిన్నాది.”

“ఇటివ్వు అత్తా. అది క్లాసు పుస్తకం.”

“ఉండు, సదవనీ. పాటలు పాడుకున్నామంట! ఒలే రాజీ, నీకు పాటొచ్చా, నాకొచ్చా?” నవ్వుతోంది. నాలుగు నెలల్లో అత్త అలా నవ్వడం చూడలేదు. నోరు ఒక పక్కకే సాగింది. పేజీలు తిప్పుతూనే ఉంది. ఆఖరి పేజీ నాకు గుర్తుంది. లాక్కోవచ్చు. కానీ ఒక్క చేత్తో పుస్తకం పట్టుకున్న మనిషి దగ్గర ఎలా లాక్కుంటాం? సంచులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆఖరి పేజీ పైకి చదవలేదు. దాని దగ్గర చాలాసేపు ఉంది. తరువాత పుస్తకం మూసి, జోడు తీసి దాని మీద పెట్టింది.

“కాసింత కాపీ ఎట్టి ఇత్తావా?” అంది. నేను కదిలేసరికి, “తొందరేటి నేదు” అంది.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి వదిలేశాను. ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. తొందరేం లేదన్న మాట ఆవిడ నోట ఎన్నడూ వినలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో తిట్లు లేవు. నాకు హాయిగా ఉండాల్సింది. భయంగా ఉండేది. పెట్టింది తినేసేది, ఉప్పు లేకపోయినా తినేసేది. మధ్యాహ్నం నేను కాస్త నడుం వాలిస్తే పిలిచేది కాదు. జనవరి మొదటివారంలో ఒక రోజు నాకు తెలియకుండానే గంటన్నర నిద్రపట్టేసింది. లేచి చూస్తే అత్త కుర్చీలో తడిసిపోయి, కాళ్ళు వణుకుతూ కూర్చుని ఉంది. ఎంతసేపైందో.

“పిలవచ్చు కదా! నోరుంది కదా! చలికి చచ్చిపోతావ్!” అని అరిచాను. జీవితంలో మొదటిసారి ఆవిడ మీద అరిచాను.

“పడుకున్నావు కదే,” అంది అత్త.

తుడిచి, బట్టలు మార్చి, దుప్పటి కప్పాను. కాళ్ళు రుద్దుతుంటే నా చేతుల మీదికి వంగి చూసింది. డెట్టాలుకీ సబ్బుకీ అవి పగిలి ఉన్నాయి. “గురువారం నన్నూ ఆ క్లాసుకి తీసుకెల్లు” అంది.

ఆఖరి క్లాసు జనవరి ఎనిమిదిన. నా సెలవు అయిపోవడానికి ఇంకో వారం ఉంది. బల్ల మీద కర్రీపఫ్‌లు, ఫ్లాస్క్‌లో టీ. భువన పైవాళ్ళు ఇద్దరు ముందు వరసలో కూర్చున్నారు. హమీద్ గారు మొదటిసారి ఇస్త్రీ చొక్కాలో కనబడ్డారు. ఆయన భార్యకు చోటు దొరికి నాలుగు రోజులైందట. నిండా ఎనిమిది గంటలు నిద్రపోయానని, అది రాశానని చూపించారు. ఒకే ఒక్క వాక్యం. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మనస్ఫూర్తిగానే కొట్టాను, అసూయతో కూడా కొట్టాను.

నా పేరు పిలిచారు. లేచి పుస్తకం తెరిచి, పాటల పేజీ ఇంగ్లీషులో మొదలుపెట్టాను. రెండో వాక్యం పూర్తి కాలేదు.

“ఆపే,” అంది అత్త.

అత్త భువన వైపు తిరిగింది.

“ఒలే అమ్మీ, నువ్వు తెలుగుదానివంట కదా. అయితే విను. ఆ పుస్తకమంతా అబద్ధం. నాను పాడనేదు, దీవించనేదు, దీని ఇడ్లీ బాగుందని ఒక్కనాడూ అననేదు. నాలుగు నెల్ల నుంచి దీనికి నిద్రనేదు. పడుకోనివ్వనేదు నాను. దీని నడుం పడిపోయింది. సేతులు సూడు, పగిలిపోయినాయి. నువ్వొచ్చిన్నాడు దుప్పట్లన్నీ మూటగట్టి దాసింది. నువ్వు జంతికలు తిని ఎల్లిపోనావు.”

భువన మొహం పాలిపోయింది. ముందు వరసలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త ఏమంటోందని హమీద్ గారు అడిగితే ఆవిడే ఆయన వైపు తిరిగి మలయ్‌లో నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన నా వైపు చూడకుండా తల ఊపారు.

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్ని రోజులు ఒళ్ళు దగ్గరపెట్టుకుని దాచిన గుట్టంతా నలుగురిలో పరిచేసింది. తరువాత ఆ మాటల్లో ఒకటి ఆలస్యంగా చెవికెక్కింది. సేతులు సూడు. ఆవిడ చూసింది. అన్నీ చూస్తూనే ఉంది.

భువన వచ్చి నా పక్కన కూర్చుంది. “మా అమ్మకి ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నాననే అంటుంది ఆంటీ. మొన్న చెయ్యి విరిగినా అదే మాట. మిగతావాళ్ళకి తెలియకపోవచ్చు, నాకు తెలియాలి కదా” అంది. బ్యాగులోంచి కొత్త కాగితం తీసింది. అవే ఇరవై ప్రశ్నలు. “మళ్ళీ మొదలుపెడదామా? ఈసారి ఉన్నదున్నట్టు.”

నేను కాగితం వైపు చూశాను. అత్త మొహం ఎదురుగా ఉంటే ఆ ప్రశ్నలకు జవాబు నా గొంతు దాటి రాదు.

అత్త నా వైపు చూసింది. “నా ముందర సెప్పదిది,” అంది. “నాను పెంచినాను కదా, ఆ మొగమాటం. నన్ను బయటికి తోసెయ్యండి.”

హమీద్ గారు లేచారు. అత్త కుర్చీ బ్రేకు తీసి, మెల్లగా గుమ్మం దాటించి, బ్లాకు కింది ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళారు. తలుపు ఆయనే దగ్గరగా వేశారు.

భువన మొదటి ప్రశ్న చదివింది. మీకంటూ సమయం లేకుండా పోయిందనిపిస్తుందా?

ఇరవై ప్రశ్నలకు గంటన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు భువనే లేచి మంచినీళ్ళు తెచ్చింది, ఒకసారి నాకు, ఒకసారి తనకు. ఆ కాగితం వల్ల ఫిబ్రవరి నుంచి డే కేర్‌లో వారానికి రెండు రోజులు దొరికాయి. కిచెన్‌లో మేనేజరు సగం షిఫ్టులకు సర్దింది, సూపర్‌వైజర్ పని మాత్రం పోయింది. ఆదివారాలు రాజేష్ నిద్ర మానుకుని అత్త దగ్గర తిట్లు తినడం నేర్చుకున్నాడు. అలసట పోలేదు. కాకపోతే అది అందరికీ తెలిసిన అలసట అయింది, మోయడం కొంచెం నయం.

అవన్నీ తరువాతి సంగతులు. ఆ సాయంత్రం నేను బయటికి వచ్చేసరికి వాన కురుస్తూనే ఉంది. అత్త, హమీద్ గారు పక్కపక్కన కూర్చుని చెరో కర్రీపఫ్ తింటున్నారు. నన్ను చూసి ఆయన లేచి కొంచెం దూరంగా వెళ్ళారు. నేను కుర్చీ వెనక్కి వెళ్ళి పిడి పట్టుకున్నాను.

“అన్నీ సెప్పీసినావా?” అంది అత్త, వెనక్కి తిరగకుండా.

“చెప్పేశాను.”

“నా మీద కూడా?”

“నీ మీదే ఎక్కువ చెప్పాను అత్తా.”

అత్త కుడిచెయ్యి భుజం మీదుగా వెనక్కి చాచి, పిడి మీదున్న నా వేళ్ళ కోసం తడిమింది. దొరికాక గట్టిగా పట్టుకుంది.

“మంచి పని సేసినావు,” అంది. “పద, ఇంటికెల్దాం.”